రెండో దెబ్బ

మేకులాయన చీమకైనా హాని చెయ్యడని ఆ వీధిలో ఎవరైనా అంటే, అన్నవాడు మూడేళ్లుగా ఆ వీధికి రాలేదని అర్థం. అంతకుముందైతే నిజమే. నోటి నిండా మేకులున్నా నోట్లో నాలుక లేని మనిషి అని అందరూ ఆటపట్టించేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నవ్వాలంటే ముందు మేకులు బుగ్గలోకి సర్దుకోవాలి కాబట్టి ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చేది.

ఆయన సోఫాలకు, కుర్చీలకు బట్ట బిగిస్తాడు. ఆ పనిలో పాతకాలం పద్ధతి ఒకటుంది. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే తిప్పి, తలకాయ బయటికి వచ్చేలా పెదవుల మధ్య నిలబెట్టాలి. సుత్తి కొనకి అయస్కాంతం ఉంటుంది. పెదవుల దాకా తెస్తే మేకు దానికి అతుక్కుంటుంది. మొదటి దెబ్బకి చెక్కలో నిలబడుతుంది, రెండో దెబ్బకి దిగిపోతుంది. టక్, టక్. ముప్పై ఏళ్లుగా రోజుకి వెయ్యిసార్లు ఆయన చెయ్యి పెదవుల దగ్గరికి వచ్చి వెళ్లింది, ఒక్కసారి కూడా పన్నుకి తగల్లేదు.

అదే గదిలో పనిచేసేవాడు ఆయన బావమరిది. భార్యకి స్వయానా తమ్ముడు. వీడిది కొత్త పద్ధతి. గాలిమిషను పెట్టి, దాని గొట్టానికి పిన్నుల తుపాకీ తగిలించి ఠపఠపా కొట్టుకుంటూ పోతాడు. అందుకని వీధి వాడికి గాలిబాబు అని పేరు పెట్టింది. బావమరిది బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అంటారు. గాలిబాబు బావ బతుకునే కోరాడు. ఆ కోరడంలోనే బావ నోట్లోంచి ఏడు పళ్లు ఊడబీకాడు.

అదెలా జరిగిందో చెప్పాలి. మూడేళ్ల కిందట ఒక ఉదయం మేకులాయన గడ్డం గీసుకుంటున్నాడు. కత్తి ఎడమ దవడ మీదికి రాగానే, కింది పెదవి పక్కనుంచి చెవి దాకా ఎవరో కరెంటు పెట్టి లాగినట్టయింది. కత్తి జారి మెడ కోసుకుంది. ఆయన కొళాయి పట్టుకుని మోకాళ్ల మీద పడ్డాడు. అరుద్దామని నోరు తెరిచేలోగా నొప్పి పోయింది. పోవడమంటే మామూలుగా కాదు, అసలు రానట్టే పోయింది. అద్దంలో చూస్తే సగం నురగ, సగం రక్తం. సరే ఏదో అయిందిలే అని రెండోసారి కత్తి పెట్టాడు. ఈసారి అద్దం పగిలింది. తన పిడికిలితోనే.

ఆ పనివాళ్లలో ఒక నమ్మకం ఉంది. నోట్లో మేకులు పెట్టుకునేవాడికి ఎప్పటికైనా పంటిలోకి తుప్పు దిగుతుందని. తుప్పు దిగిన పన్నుని డాక్టరు పీకకూడదు, పక్కన పనిచేసేవాడే పీకాలి, మేకులు ఊడదీసే పట్టకారుతోనే పీకాలి. ఎవడు మొదలుపెట్టాడో తెలీదు గానీ, అడిగితే మా గురువుకి వాళ్ల గురువు పీకాడు అంటారు. వీధి చివర పళ్ల డాక్టరు ఒకసారి చూసి పన్ను బాగానే ఉందన్నాడు. "నొప్పి నాకు గదండీ, మీకు బాగానే ఉంటుంది" అని మేకులాయన లేచి వచ్చేశాడు.

మొదటి పన్ను అలా పోయింది. సగం కట్టిన సోఫా మీద పడుకోబెట్టి, గాలిబాబు ఆయన ఛాతీ మీద మోకాలు పెట్టాడు. కుడివైపు పళ్ల మధ్య రెగ్జిన్ ముక్క చుట్టి కుక్కాడు. పట్టకారు బిగించి ఇటూ అటూ ఊపుతుంటే లోపల ఎముక కిర్రుమన్న శబ్దం ఇద్దరికీ వినబడింది. మేకులాయన కాళ్లు తన్నుకుంటూ సోఫా చెయ్యి విరగ్గొట్టాడు. పన్ను వచ్చింది, వేరు మొనలో కొంచెం లోపలే ఉండిపోయింది. దాన్ని మళ్లీ గెలికారు. గాలిబాబు ఏడుస్తూనే గెలికాడు.

ఆ తర్వాత పన్నెండు రోజులు నొప్పి లేదు. ఆ పన్నెండు రోజులే కొంప ముంచాయి. ఆ నొప్పికి ఉన్న గుణమే అది, కొన్నాళ్లు తనంతట తాను పోయి తనంతట తాను వస్తుంది. వాళ్లకేం తెలుసు. పన్ను పీకితే పోయిందనుకున్నారు. మళ్లీ వస్తే తుప్పు పక్క పంటికి పాకిందనుకున్నారు. అలా ఎడమవైపు పైనా కిందా కలిపి ఏడు. పీకిన ప్రతి పన్నూ పాత మేకుల డబ్బాలో వేసి పెట్టారు, ఎప్పుడైనా పగలగొట్టి తుప్పు చూడాలని. పైకి మాత్రం అవి దాదాపు అన్నీ తెల్లగా గట్టిగానే ఉన్నాయి. కళ్లతో చూశారు గానీ, చూసింది నమ్మలేదు.

మనిషి మారిపోయాడు. కుడివైపు మాత్రమే గడ్డం గీసుకునేవాడు, ఎడమవైపు ముట్టుకోలేక. అరగడ్డంతో వీధిలో నడుస్తుంటే పిల్లలు నవ్వేవాళ్లు. ఒకడి సైకిలు ఎత్తి కాలవలో పడేశాడు. గాలి తగిలినా, నమిలినా, గట్టిగా మాట్లాడినా మెరుపు దిగేది. దిగినప్పుడల్లా ఎదురుగా ఏది ఉంటే దాన్ని కొట్టేవాడు. గోడకేసి నుదురు బాదుకున్న మచ్చలు పడగ్గదిలో వరసగా ఉండేవి. ఆవిడ వాటికి సున్నం కొట్టడం కూడా మానేసింది.

ఆవిడ అంటే ఆయన భార్య. పాతికేళ్ల కాపురం. ఒక మధ్యాహ్నం ఆయన ముఖం కడుక్కుని నిలబడితే తువ్వాలు అందించింది. అందించడంలో తువ్వాలు అంచు ఎడమ చెంపకి రాసుకుంది. ఆయన చెయ్యి విసురుగా తగిలి ఆవిడ బీరువా మూలకి పడింది. కనుబొమ్మ చిట్లింది. అప్పటికే నొప్పి పోయింది. పోయాక కూడా ఆయన వంగి, "ముట్టుకోవద్దని నీకెన్నిసార్లు చెప్పాలి" అని చెంప మీద ఇంకొకటి వేశాడు. మూడేళ్లలో ఇలాంటివి కొన్ని జరిగాయి. ఆవిడ ఏడవలేదు. కనుబొమ్మకి గుడ్డ అదిమి పెట్టుకుని, ఆ ఒక్కరోజు మాత్రం ఒక మాట చెప్పింది.

"మీ చెయ్యి మనవాళ్ల మీద ఇంకొక్కసారి లేస్తే నేను తమ్ముడి దగ్గరికి వెళ్లిపోతాను. మళ్లీ పిలవొద్దు."

ఆయన తల ఊపాడు. మాట్లాడితే నొప్పి వస్తుందని ఊపాడని ఆవిడ అనుకుంది. సిగ్గుతో ఊపాడు. భార్య లేని ఆ ఇల్లు తలుచుకుంటే ఆయనకి నొప్పికంటే ఎక్కువ భయం వేసింది.

పనిచేసే గది కూడా ఆయన కోసం మారిపోయింది. కిటికీలకి గోనెపట్టాలు కట్టారు. మండే ఎండల్లోనూ ఫ్యాను వెయ్యలేదు. గాలిబాబు మూడేళ్లు ఆ ఉక్కలో చొక్కా విప్పుకుని పనిచేశాడు, ఒక్కసారి విసుక్కోలేదు. చట్రం మీద పొట్టు ఊదాలంటే గాలిగొట్టం నొక్కాలి. నొక్కేముందు "బావా, గాలి" అనేవాడు. మేకులాయన పని ఆపి గోడవైపు తిరిగేవాడు. ఊదడం అయ్యాక "అయింది" అనేవాడు. రోజుకి యాభైసార్లు.

ఒక్కసారి అనలేదు. ఎవరో తొందరపెట్టిన పని, మూడు సోఫాలు ఆ పూటకే కావాలి. గాలిబాబు వంగి మూల ఊదుతూ, పరధ్యానంలో గొట్టం పైకెత్తాడు. గాలి సూటిగా వచ్చి ఎడమ చెంపకి కొట్టింది.

మేకులాయన నోట్లో అప్పుడు పాతిక మేకులున్నాయి. దవడ బిగుసుకుని బుగ్గ లోపల అవన్నీ గుచ్చుకున్నాయి. కళ్ల ముందు తెల్లగా తప్ప ఏమీ లేదు. సుత్తి ఎటు తిరిగిందో ఆయనకి తెలీదు. వెళ్లి గాలిబాబు భుజానికి తగిలింది. గొట్టం కిందపడి పాములా కొట్టుకుంటుంటే గాలిబాబు కాలితో తొక్కిపట్టి, మిషను ఆపాడు. భుజం పట్టుకుని ముఖం చిట్లించాడు. మళ్లీ నవ్వబోయాడు.

"తప్పయిపోయింది బావా. చూసుకోలేదు" అన్నాడు.

మేకులాయనకి ఆ మాట స్పష్టంగా వినబడింది. గది కనబడింది, గోనెపట్టాలు కనబడ్డాయి, బావమరిది ముఖం కనబడింది. నొప్పి అప్పటికే లేదు. నోట్లోంచి రక్తమూ మేకులూ కలిపి నేలమీద ఉమ్మాడు. అప్పుడు కొట్టాడు. దవడ చూసి కొట్టాడు. కట్టె విరిగిన చప్పుడైంది. గాలిబాబు ఫోము చుట్టల మీద పడ్డాడు. కింది దవడ ఒకవైపు వేలాడుతోంది, నోరు ఉన్నచోట లేదు. మాట్లాడబోతే రక్తం బుడగలుగా వచ్చింది.

చప్పుడు విని ఇంట్లోంచి ఆవిడ వచ్చింది. అరవలేదు, తిట్టలేదు. తన కొంగు చింపి తమ్ముడి దవడ కింద నుంచి నెత్తి మీదికి కట్టి ఆటోలో ఎక్కించింది. వాకిట్లో నిలబడ్డ మొగుడి వైపు చూడలేదు. సాయంత్రం ఎవరినో పంపించి తన నాలుగు చీరలు తెప్పించుకుంది.

అక్కడ పెద్దాసుపత్రిలో దవడల డాక్టరమ్మ అడిగితే, గాలిబాబు కాగితం మీద "నిచ్చెన మీంచి పడ్డాను" అని రాశాడట. డాక్టరమ్మ వాడి దవడ మీద గుండ్రటి మచ్చ చూపించి, "ఈ నిచ్చెనకి సుత్తి కూడా ఉందా?" అందట. అప్పుడు వాడు ఇంకో కాగితం తీసుకుని రాశాడు. "మా బావ. మంచివాడు. ఎడమ చెంపకి గాలి తగిలితే ఆయనకి ఒళ్లు తెలీదు. ఏడు పళ్లు పీకాం, తగ్గలేదు."

డాక్టరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివి, "నిన్ను కొట్టినాయన్ని తీసుకురండి" అంది.

అలా పదో రోజున భార్య ఇంటికి వచ్చింది. గడప దాటలేదు. "డాక్టరమ్మ రమ్మంటోంది. నేను పిలవడం కాదు. వాడు రాసిచ్చాడు, అందుకని వచ్చాను." ఆయన పది రోజులుగా నీళ్లూ గంజీ తప్ప ఏమీ తినలేదు. మేకుల డబ్బా చేత్తో పట్టుకుని ఆవిడ వెనకే నడిచాడు. నాలుగడుగులు వెనగ్గా.

డాక్టరమ్మ ముందున్న కుర్చీలో కూర్చోగానే చేతికింద బట్ట వదులుగా తగిలింది. ఎవడో పనికిమాలినవాడు బిగించిన కుర్చీ అనుకున్నాడు. డాక్టరమ్మ దూది కొనతో కింది పెదవి పక్కన ఊరికే అలా తాకించింది. ఆయన ఆ కుర్చీ చేతులు పట్టుకుని బట్ట చింపేశాడు. ఆవిడ వెంటనే వెనక్కి జరిగి, ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆగింది.

"నొప్పికి నిద్రలో మెలకువ వస్తుందా?"

"రాదమ్మా."

"వస్తే ఎంతసేపు ఉంటుంది?"

"చిటికేసినంత. ఒక్కోసారి రెండు మూడు చిటికెలు."

"తర్వాత?"

"తర్వాత ఏమీ ఉండదు" అన్నాడు. అని, తన నోటివెంట వచ్చిన ఆ మాట విని ఆగిపోయాడు. డాక్టరమ్మ రాసుకుంటోంది. గోడ పక్కన నిలబడ్డ భార్య నేలచూపు ఎత్తి ఆయన్ని చూసింది. అంతే, మళ్లీ దించుకుంది.

డాక్టరమ్మ విప్పి చెప్పింది. ముఖానికి స్పర్శ తెలిపే నరం ఒకటుంది. మెదడు దగ్గర దానికి రక్తనాళం ఒరుసుకుని పైతొడుగు అరిగిపోతే, తొడుగు పోయిన కరెంటు తీగ లాగే అవుతుంది. చెంప మీద ఈగ వాలినా షాక్ కొట్టిందని కబురు పంపుతుంది. పళ్లలో నొప్పి అనిపిస్తుంది గానీ పళ్లకీ దానికీ సంబంధం లేదు. డబ్బా తీసుకుని పళ్లు తెల్లటి పళ్లెంలో పోసింది. ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"ఒకటి పుచ్చింది. ఆరు మంచివి" అంది. "ఎవరు పీకారు?"

"మా బావమరిది. ప్రేమతోనే పీకాడమ్మా" అన్నాడు మేకులాయన.

డాక్టరమ్మ నవ్వలేదు. స్కాను రాసింది, మాత్రలు రాసింది. మూర్ఛకి ఇచ్చే మందే ఇది, మీకు మూర్ఛ ఉందని కాదు, ఈ నరాన్ని అణచడానికి అని చెప్పింది. కొంచెం కొంచెంగా పెంచాలి. తల తిరుగుతుంది, మత్తుగా ఉంటుంది. మధ్యమధ్య రక్తపరీక్ష. ఒళ్లంతా దద్దు లేస్తే వెంటనే రావాలి. నొప్పి లేదని ఎప్పుడూ మీ అంతట మీరు మానొద్దు. మందు చాలకపోతే ఆపరేషను కూడా ఉంది. "పూర్తిగా పోతుందని చెప్పను. లొంగుతుంది" అంది.

లొంగింది. మొదటి వారం గోడలు పట్టుకుని నడిచాడు. రెండో వారం గాలికి ఎడమ చెంప పెట్టి చూశాడు, చినుకంత గుచ్చింది, ఆగింది. మూడో వారానికి ఎడమ చెంప మీద కత్తి పెట్టాడు. అలవాటు తప్పి రెండుచోట్ల తెగింది గానీ, మెరుపు రాలేదు. మూడేళ్ల గడ్డం సింకులో పడుతుంటే పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఇక వీధి సంగతి. నిన్నటిదాకా రాక్షసుడు అన్నవాళ్లే, పాపం నరం జబ్బట, ఆయన చేతుల్లో ఏముంది అనడం మొదలుపెట్టారు. మందుల షాపతను కూడా గౌరవంగా పలకరించాడు. ఎవరు చెప్పినా కథలో దెబ్బ ఒక్కటే. గాలి తగిలింది, నరం లాగింది, సుత్తి తిరిగింది, దవడ విరిగింది. వినడానికి ఎంత బాగుందో. మేకులాయన కాదనలేదు. కాదనడానికి నోరు బాగానే ఉంది ఇప్పుడు, అయినా కాదనలేదు. పగలంతా ఒంటరిగా ఆ గదిలో మేకులు కొట్టుకునేవాడు. టక్, టక్. రెండో దెబ్బ కొట్టినప్పుడల్లా చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

ఆరువారాలకి గాలిబాబు దవడకి కట్టిన తీగలు తీశారు. మర్నాడు ఉదయం అక్కా తమ్ముడూ కలిసి పనిగదికి వచ్చారు. ఆవిడ చేతిలో చీరల సంచి ఉంది. దాన్ని గుమ్మం పక్కన పెట్టి నిలబడింది. గాలిబాబు సగానికి సగమైపోయాడు. నోరు రెండు వేళ్ల వెడల్పు కంటే తెరుచుకోవడం లేదు.

"బావా, ఇంక వదిలెయ్" అన్నాడు పళ్ల సందులోంచి. "నరం కదా. నీ తప్పేముంది. ఆరు మంచి పళ్లు పీకినవాణ్ని, నేనేం తక్కువ తిన్నానా. అక్కని తీసుకొచ్చాను."

మేకులాయన చేతిలో సుత్తి పక్కన పెట్టాడు. నోట్లో మేకులు అరచేతిలోకి ఉమ్మి డబ్బాలో వేశాడు. ఔను అంటే చాలు. సంచి లోపలికి వస్తుంది. ఆవిడ వస్తుంది. ఆ ఇంట్లో మళ్లీ మనిషి అలికిడి ఉంటుంది. ఈ ఆరువారాలూ ఆయన కోరుకున్నది అదొక్కటే.

"మొదటిది నరం" అన్నాడు. "రెండోది కాదు."

"చెయ్యి అలవాటు బావా. మేకుకి రెండు దెబ్బలు కొట్టే చెయ్యి..."

"మేకుకి మధ్యలో ఆగను. నీకు ఆగాను. తప్పయిపోయింది అన్నావు, విన్నాను. నొప్పి లేదు అప్పుడు. చూసి కొట్టాను. అది నేను."

గాలిబాబు దవడ తడుముకుంటూ నిలబడ్డాడు. అక్క వైపు చూశాడు. మేకులాయన కూడా చూశాడు. ఆవిడ సంచి ఎత్తుకుంటుందనుకున్నాడు. ఎత్తుకోలేదు.

"మూడు" అంది ఆవిడ.

ఆయనకి అర్థం కాలేదు.

"వాడికి ఒకటి. నాకు మూడు. నొప్పి పోయాక కొట్టినవి. తువ్వాలు రోజున ఒకటి, వాకిట్లో ఒకటి, మా అమ్మ ఫోటో పగిలిన రోజు ఒకటి. మిగతావి నేను లెక్కలో వెయ్యలేదు. అవి మీరు కాదని నాకు ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు."

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "మూడే" అన్నాడు చివరికి. "అవీ నావే."

ఆవిడ గుమ్మం దగ్గర్నుంచి లోపలికి వచ్చింది. స్టూలు మీద కూర్చున్న ఆయన ముందు నిలబడి, చెయ్యి ఎత్తి, కొత్తగా గీసిన ఎడమ చెంప మీద అరచెయ్యి పూర్తిగా ఆనించింది. మూడేళ్లుగా ముట్టుకోని చెంప. ముద్దుగా కాదు, ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో చూసినట్టు ఆనించింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ ఆయన కళ్లు చూడటం లేదు. ఒళ్లో పెట్టుకున్న ఆయన చేతుల్ని చూస్తోంది.

చేతులు కదల్లేదు. ఆవిడ చూడటం ఆపలేదు.